దగ్గు రాని మనిషి

శ్రీవత్సకు దగ్గు రాదు.

ఇరవై తొమ్మిదేళ్ల మనిషి. ఫిట్స్ రోజుకు నాలుగైనా వస్తాయి. తెలివి రెండేళ్ల పిల్లవాడిది, మాట లేదు. మింగేది దారితప్పి ఊపిరితిత్తుల్లోకి పోతే మామూలు మనిషి కళ్లు ఎర్రబడేదాకా దగ్గుతాడు. శ్రీవత్స మాత్రం కిటికీ వైపు చూస్తూ అలాగే పడుకుంటాడు. తెల్లారి జ్వరం వస్తుంది. అందుకే జూన్‌లో డాక్టర్లు అతని పొట్టకు చిన్న రంధ్రం చేసి కడుపులోకి గొట్టం వేశారు. తిండి, నీళ్లు, మందులు అన్నీ అందులోంచే. మంచం తలవైపు గోడకు ఒక అట్ట వేలాడుతుంది. దాని మీద ఎర్ర అక్షరాలు: నోటి ద్వారా ఏమీ ఇవ్వరాదు.

అయినా అక్టోబరు ఆరో తారీఖు సోమవారం పొద్దున ఆరుంబావుకు బుచ్చమ్మ అతని నుదుటి మీద చెయ్యి వేస్తే కాలింది.

జల్‌పల్లి కొత్త కాలనీలో రెండంతస్తుల ఇల్లు అది. ఇలాంటి పెద్దవాళ్లు పద్నాలుగు మంది అందులో ఉంటారు. పై అంతస్తు చివరి గది శ్రీవత్సది. నాలుగేళ్లుగా పగటిపూట ఆయా బుచ్చమ్మ. గౌలిపుర నుంచి రెండు ఆటోలు మారి, అప్పుడే వచ్చింది. హోమ్‌లో చాయ్ కోసం ఇంటి బర్రెల పాలు తెచ్చిన క్యాన్ ఇంకా గుమ్మం పక్కనే ఉంది.

"ఏమైంది బిడ్డా?"

జవాబు రాదని తెలుసు. ఛాతీ మీద అరచెయ్యి ఆనించింది. లోపల గరగరమంటోంది. వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టింది. తొంభై అయిదుండాల్సిన అంకె ఎనభై నాలుగు దగ్గర ఆగింది. మీట నొక్కి మంచం తలవైపు పైకి లేపింది, మనిషిని పక్కకు తిప్పింది, గొంతులోది పీల్చే సక్షన్ మిషన్ ఆన్ చేసి సన్నటి పైపు దవడ పక్క నుంచి లోపలికి పంపింది. ఇవన్నీ చెయ్యడానికి ఆమెకు నిమిషం పట్టలేదు.

గాజు సీసాలోకి వచ్చినదాన్ని చూసి ఆమె చెయ్యి ఆగింది.

శ్రీవత్సకు గొట్టంలో పోసేది వడకట్టిన రాగిజావ, పెసరకట్టు. గోధుమరంగు. పాలు పోస్తే గొట్టంలో విరిగి అడ్డం పడతాయని హోమ్‌లో అసలు వాడరు. సీసాలో తేలుతున్నవి తెల్లటి పలుకులు. విరిగిన పాలలాగా.

"మహేందర్ సార్! అంబులెన్స్‌కు ఫోన్ చెయ్యిన్రి, జల్ది!"

మేనేజర్ మహేందర్ లుంగీలోనే మెట్లెక్కి వచ్చాడు. శ్రీవత్సను చూశాడు. సీసాను చూశాడు. ఫోన్ చెవికి పెట్టుకుని వెనక్కి తిరిగేటప్పుడు అతని చూపు గుమ్మం పక్కనున్న పాల క్యాన్ మీద ఒక్క క్షణం నిలిచింది.

బుచ్చమ్మ అది గమనించలేదు. పేషెంటును దుప్పట్లో చుట్టే పనిలో ఉంది.

*

మంగళవారం పదకొండింటికి బుచ్చమ్మను కింద ఆఫీసు గదిలోకి పిలిచారు.

బల్లకు అవతల మహేందర్ కూర్చున్నాడు. ఇవతల శ్రీవత్స తండ్రి అచ్యుతరామయ్య. పురానీ హవేలీ కోర్టులో ముప్ఫయ్యొక్క ఏళ్లు పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. రాజమండ్రి నుంచి ఉద్యోగానికొచ్చి ఫలక్‌నుమా స్టేషన్ దగ్గర ఇల్లు కట్టుకుని ఉండిపోయాడు. గొంతు పెంచడు. ఒళ్లో ఒక ఫైలు, ఫైలు మీద కళ్లజోడు డబ్బా.

మహేందర్ ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు. గదిలో కెమెరా తీసిన వీడియో. ఆదివారం సాయంత్రం ఆరు గంటల ఏడు నిమిషాలు. రంగు లేదు. ఒక ఆడమనిషి వీపు కనిపిస్తోంది. ఎడమచేతిలో స్టీలు గ్లాసు. కుడిచెయ్యి శ్రీవత్స నోటి దగ్గర.

"ఇదెవరు?" అడిగాడు అచ్యుతరామయ్య.

"నేనే సార్."

"చేతిలో?"

"గిలాస."

"అందులో ఏముంది?"

"ఉప్పునీళ్లు సార్. నోరు కడుగుతున్న. దినానికి మూడుసార్లు కడుగాలె. నోట్లకు తిండి పోకున్నా ఉమ్ము పోతది కద. నోరు ఖరాబైతే ఆ ఉమ్మే లోపలికి పొయ్యి నెమ్ము చేస్తది. గుడ్డ ముంచి, పిండి..."

"ఉప్పునీళ్లని ఇందులో తెలుస్తోందా?"

బుచ్చమ్మ తెరలోకి చూసింది. తెలియడం లేదు. తెరలోని ఆడమనిషి గుడ్డను బయటికి తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. బుచ్చమ్మకు అప్పుడు గుర్తొచ్చింది.

"గదేందక్కా, వాసన చూస్తున్నవ్?" మహేందర్ అడిగాడు.

"ఏందో మంచి వాసనొచ్చింది సార్. గుళ్లె వచ్చినట్టు."

"పాల వాసన అయ్యుంటుంది," అన్నాడు అచ్యుతరామయ్య. "ఆసుపత్రిలో మావాడి ఊపిరితిత్తుల్లోంచి తీసింది పాలేనన్నారు. మూడు నెలల్లో ఇది మూడోసారి. ఇంకోసారి వస్తే దక్కుతాడో లేదో చెప్పలేమన్నారు. ఈ ఇంట్లోకి పాలు ఎవరు తెస్తారమ్మా?"

బల్ల మీద మూడు చాయ్ గ్లాసులున్నాయి. ఎవరూ ముట్టలేదు. మీద మీగడ కట్టింది.

"నేనే తెస్త."

"అంతే."

"సార్, నేను తాపలే. పొద్దటి వీడియో గూడ చూపియ్యిన్రి. దినమంత చూడుండ్రి."

మహేందర్ గొంతు సవరించుకున్నాడు. "పదకొండు నుంచి పదకొండున్నర దాక ఉండదక్కా. ఫ్యామిలీ టైమ్. కెమెరా బంద్ చేస్తం కద."

"ఆ రూలు నేను అడిగి పెట్టించిందే," అన్నాడు అచ్యుతరామయ్య. "తల్లి కొడుకు దగ్గర కూర్చున్నప్పుడు కెమెరా ఎందుకు? అయినా ఆ అరగంటకీ రిజిస్టరుంది." ఫైల్లోంచి ఒక జెరాక్స్ కాగితం తీశాడు. "ఆదివారం. పదకొండు నుంచి పదకొండున్నర. 'నోటి ద్వారా ఏమీ లేదు.' కింద 'బు' అని సంతకం. నీదేనా?"

"నాదే."

"ఆ అరగంటా నువ్వు గదిలోనే ఉన్నావా?"

ఆయా గది విడిచి పోకూడదన్నది హోమ్ నియమం. బుచ్చమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంది.

"ఉన్న సార్."

"మరింకేం."

మహేందర్ ఆమెను గుమ్మందాకా సాగనంపాడు. "ఎంక్వైరీ అయ్యేదాక రాకక్కా. నా చేతుల్ల లేదు. సార్ వీడియోను పేరెంట్స్ వాట్సాప్ గ్రూపుల పెట్టుమన్నడు, పెట్టిన."

"నాలుగేండ్ల సంది నన్ను చూస్తలేవా మహేందర్ సార్?"

అతను చెప్పుల వైపు చూశాడు.

*

బుధవారం మూడింటికి పాలు పితికే వేళ. గౌలిపుర సందులో, ఇంటి వెనక కొట్టంలో ఆరు బర్రెలు. రామ్‌చందర్ ఒకదాని కింద, బుచ్చమ్మ ఇంకోదాని కింద కూర్చున్నారు. రోజూ ఈ వేళకు ఆమె డ్యూటీలో ఉంటుంది. బర్రె కొత్త చెయ్యి తగిలినట్టు రెండుసార్లు కాలు విదిల్చింది.

"వకీల్ సాబ్ ఇంటోళ్లు రేపటి సంది పాలొద్దన్నరు," అన్నాడు రామ్‌చందర్.

"ఎందుకట?"

"ఎందుకనేది చెప్పలే. ఫోన్‌ల ఏదో చూసి లోపలికి వొయిండు."

బుచ్చమ్మ బకెట్ దగ్గరికి జరుపుకుంది.

"నువ్వు తాపలేదు కద?" అన్నాడు, మొహం ఇటు తిప్పకుండానే.

"నువ్వు గూడ అడుగుతున్నవా?"

"అరే, ఊకెనే అడిగిన. లొల్లి చెయ్యకు."

"పోయినేడు పెద్దబర్రె దూడ ఎట్ల సచ్చిందో నేను చూడలేదా? నువ్వు దాని నాలిక గుంజి పట్టినవ్. నేను బొంగుతోని మందు వోసిన. సక్కగ ఊపిరిలకు వొయింది. గది చూసినంక మనిషికి నోట్లె వోస్తనా నేను?"

"అది దగ్గలే గూడ," అన్నాడు రామ్‌చందర్. "మంచిగ తాగింది అనుకున్నం."

బుచ్చమ్మ చేతులు ఆగిపోయాయి.

"దానికి జొరమెప్పుడొచ్చింది?"

"తెల్లారి. పొద్దుగాల వోస్తే తెల్లారి పొద్దుగాలకు చెవులు కాలుతుండె. గప్పటికే గురక."

సోమవారం పొద్దున ఆరుంబావుకు శ్రీవత్స ఛాతీలో గరగర బాగా ముదిరి ఉంది. అంటే పోసింది ఆదివారం పొద్దున. సాయంత్రం కాదు. బర్రె వెనక్కి తిరిగి చూసింది. బుచ్చమ్మ మళ్లీ పితకడం మొదలుపెట్టి, లోలోపల వెనక్కి నడిచింది. దసరా అయిన నాలుగో రోజు ఈ జ్వరం. దానికి ముందుది వినాయకుణ్ని నిమజ్జనం చేసిన రెండో రోజు. మొట్టమొదటిది బోనాలైన రెండు వారాలకు. మూడూ సోమవారాలే. మూడూ నెల మొదట్లోనే.

నెల మొదటి ఆదివారం ఏమవుతుంది?

ఆదివారాలు శ్రీవత్స తల్లి బాలత్రిపురసుందరి పదకొండింటికి, నూలుచీరలో, ఇంటి నుంచి వస్తుంది. నెల మొదటి ఆదివారం మాత్రం పట్టుచీరలో, కొడుకు పేర అభిషేకం చేయించి నేరుగా గుడి నుంచి వస్తుంది. తడి జుట్టు ముడివేసుకుని, చేతిలో చిన్న బుట్టతో. అచ్యుతరామయ్యకు మోకాళ్ల నొప్పి. మెట్లెక్కలేక కింద ఆఫీసులోనే పేపరు పట్టుకుని కూర్చుంటాడు. ఆమె ఒక్కతే పైకొస్తుంది. ఆమె రాగానే బుచ్చమ్మ గదిలోంచి బయటికొచ్చి, వరండాలో పిట్టగోడకు ఆనుకుని నిలబడుతుంది.

అక్కడిదాకా వచ్చి బుచ్చమ్మ ఆలోచన ఆపేసింది. తల్లి. ఛ.

"బకెట్ నిండింది, చూడు," అన్నాడు రామ్‌చందర్.

*

అయినా గురువారం నాలుగింటికి ఆసుపత్రికి వెళ్లింది.

అచ్యుతరామయ్య లేడు. బయట బెంచీ మీద అతని ఫైలు, కళ్లజోడు డబ్బా ఉన్నాయి. మందుల కోసం కిందికి దిగినట్టుంది. తలుపు సందులోంచి చూస్తే, నర్సు పక్క మంచం దగ్గర అటు తిరిగి సెలైన్ మారుస్తోంది. బుచ్చమ్మ తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది.

శ్రీవత్స మొహానికి ఆక్సిజన్ గొట్టాలున్నాయి. బుగ్గలు లోపలికి పోయాయి. ముందు మంచం చూసింది. తలవైపు సరిగ్గానే లేపి ఉంది. తర్వాత అతని పెదాలు చూసింది. ఎండిపోయి తొక్క లేచాయి. నోరు ఎవరూ కడుగుతున్నట్టు లేదు.

"రా బుచ్చమ్మా," అంది బాలత్రిపురసుందరి.

పట్టుచీరలో ఉంది. తల్లికి అరవై రెండేళ్లు, ఈ నాలుగు రోజుల్లో ఇంకో పదేళ్లు మీద పడ్డాయి.

"ఆయనొచ్చేలోపు చూసి వెళ్లిపో తల్లీ. చూస్తే మళ్లీ గొడవ."

"నేను తాపలేదమ్మా."

"నువ్వు చేశావని నేననుకోవడం లేదు. నాలుగేళ్లు వాడి ఒళ్లు పుండు పడకుండా చూసినదానివి." కళ్లు తుడుచుకుంది. "కానీ పాలెలా వచ్చాయి చెప్పు? ఎవరు పోశారు? ఎంత అడిగినా ఆ దేవుడు కూడా చెప్పడం లేదు. ఇవాళ మళ్లీ అభిషేకం చేయించాను. చెయ్యి పట్టు."

మంచం పక్క స్టూలు మీది బుట్టలోంచి మూతున్న చిన్న ఇత్తడి గిన్నె తీసింది. పూజలో తీర్థం పోసే చిన్న చెంచాను, ఉద్ధరిణెను, అందులో ముంచి, బుచ్చమ్మ చాపిన అరచేతిలోకి పైనుంచి వదిలింది. చెయ్యికి చెయ్యి తగలకుండా, అలవాటుగా.

బుచ్చమ్మ కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంది.

పాలు. తేనె. తులసి. వెనకనుంచి పచ్చకర్పూరం.

ఆదివారం సాయంత్రం నోరు కడిగిన గుడ్డకున్న వాసన అదే. గుళ్లో వచ్చినట్టు అని ఆఫీసులో చెప్పిందీ అదే.

ఆమె తలెత్తేసరికి బాలత్రిపురసుందరి కొడుకు వైపు తిరిగింది. ఎడమచేత్తో ఆక్సిజన్ గొట్టం కాస్త పక్కకు జరిపింది. కుడిచేతిలో ఉద్ధరిణె నిండుగా ఉంది. "నారాయణా, నారాయణా" అనుకుంటూ దాన్ని ఆ ఎండిన పెదాల మధ్యకు తెచ్చింది.

బుచ్చమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది.

నాలుగేళ్లలో ఆమెను తాకడం అదే మొదటిసారి. ఎముక చేతికి తగిలింది. ఉద్ధరిణె జారి నేలమీద ఖంగుమంది. తెల్లటి తీర్థం దుప్పటి మీద చిందింది.

"ఏయ్! ఎవరు నువ్వు? వదులు!" నర్సు అరిచింది.

బుచ్చమ్మ వదల్లేదు. తలుపు దగ్గర మందుల కవరుతో అచ్యుతరామయ్య నిలబడి ఉన్నాడు.

"సిస్టర్, సెక్యూరిటీని పిలవండి," అన్నాడు. గొంతు ఇప్పుడూ పెరగలేదు. "ఈవిడ మీద కంప్లయింటుంది. ఇప్పుడు ఇక్కడికొచ్చి నా భార్య మీద చెయ్యి చేసుకుంటోంది. మీరే సాక్షి."

"సార్, ఒక్క మాట..."

"ఏ మాటా అక్కర్లేదు."

అరుపులు విని పక్క వార్డులోంచి డాక్టర్ అలేఖ్య వచ్చింది. చిన్న వయసు. చెప్పులు టకటకలాడించుకుంటూ నేరుగా మంచం దగ్గరికి వచ్చి ముందు గొట్టం సరిచేసింది. దుప్పటి మీది తెల్లటి మరకను చూసింది, వేలితో తాకింది.

"ఏంటిది? పాలా?"

బుచ్చమ్మ చెయ్యి వదిలేసింది. తను చెప్పదలుచుకుంటే ఇదే సమయం. కానీ ఆమె చెప్పలేదు. బాలత్రిపురసుందరి మొహంలోకి చూస్తూ నిలబడింది.

"పాలు కాదు డాక్టరు గారూ," అంది బాలత్రిపురసుందరి. "తీర్థం."

"నోట్లో వేస్తున్నారా?"

"మూడు ఉద్ధరిణెలంతే."

"గొట్టం వేసినప్పుడు నోటికి ఏమీ పెట్టకూడదని చెప్పాను కదమ్మా మీకు. మొన్న కూడా అడిగాను. ఏమీ లేదన్నారు."

"పెట్టలేదమ్మా! అన్నం ముద్ద పెట్టలేదు. నీళ్ల చుక్క పొయ్యలేదు. జూన్ నుంచి వాడి నోటికి నా చేత్తో ఏమీ పెట్టలేదు, ఒట్టు." ఆమె ఆగింది. "తీర్థం తిండి కాదు కదమ్మా. అది నోటికి పెట్టేదాంట్లో లెక్కేమిటి?"

"ఇంతకుముందు ఇచ్చారా?"

"నెల మొదటి ఆదివారం. పుట్టినప్పట్నుంచీ ఇస్తున్నాను. పాలు తాగే వయసులో కూడా తీర్థానికి నోరు తెరిచేవాడు. మొన్న కూడా తెరిచాడు. చక్కగా తీసుకున్నాడు. ఒక్కసారి కూడా దగ్గలేదు డాక్టరు గారూ!"

"దగ్గడు అమ్మా," అంది అలేఖ్య. "అతనికి దగ్గు రాదు. అదే అతని జబ్బు. గొంతులో అడ్డం పడ్డా తెలియదు. మీరిచ్చిన మూడు చెంచాలూ ఊపిరితిత్తుల్లోకే పోయాయి. కడుపులోకి కాదు."

అచ్యుతరామయ్య మందుల కవరు స్టూలు మీద పెట్టాడు. బయటికి వెళ్లి బెంచీ మీది ఫైలు తెచ్చాడు. పాత డిశ్చార్జి కాగితాలు తీశాడు. చేరిన తేదీలు చూశాడు: ఆగస్టు నాలుగు. సెప్టెంబరు ఎనిమిది. కళ్లజోడు పెట్టుకోవడం మరిచిపోయి కాగితాలను దూరంగా పట్టుకుని చదివాడు. మళ్లీ చదివాడు. తర్వాత వాటిని వరసగా సర్ది, ఫైల్లో పెట్టి, దారం ముడివేశాడు. ఆ ముడి వెయ్యడానికి చాలాసేపు పట్టింది.

బాలత్రిపురసుందరి కొంగుతో దుప్పటి మీది మరక తుడుస్తోంది. మరక పోయాక కూడా అక్కడే తుడుస్తోంది.

బుచ్చమ్మ నర్సు వైపు తిరిగింది. "సిస్టరమ్మా, బాబుకు నోరు కడుగుతలేరు. ఉప్పునీళ్లల్ల గుడ్డ తడిపి గట్టిగ పిండాలె. చుక్క కారొద్దు. దవడ పక్కకెళ్లి పోనియ్యాలె, పండ్ల మధ్యల ఏలు పెట్టొద్దు. కొరుకుతడు."

చెప్పి బయటికి నడిచింది. ఎవరూ ఆపలేదు.

*

శుక్రవారం సాయంత్రం మహేందర్ ఫోన్ చేశాడు.

"ఆయిత్వారం సంది డ్యూటీకి రా అక్కా. రేపు బాబును పంపిస్తున్నరు."

"ఆ వీడియో?"

"డిలీట్ కొట్టిన."

"ఫోన్లకెళ్లి కొట్టినవ్. చూసినోళ్ల కండ్లల్లకెళ్లి ఎట్ల కొడ్తవ్?"

మహేందర్ గొంతు తగ్గించాడు. "మూడో నంబర్ గదోళ్లు వేరే ఆయా కావాలంటున్నరు," అన్నాడు. "నిదానంగ చెప్త. జర ఓపిక పట్టు."

ఆదివారం ఆమె వచ్చింది. పాల క్యాన్ తేలేదు. శ్రీవత్సకు ఒళ్లు తుడిచింది, నోరు కడిగింది, పొట్ట మీద గొట్టం చుట్టూ చర్మం ఎర్రబడిందేమో చూసింది. తొమ్మిదింటికి జావ పోసింది. సిరంజిని ఎత్తులో పట్టుకుని, పిడి నొక్కకుండా, జావ దానంతటది దిగేదాకా ఇరవై నిమిషాలు నిలబడింది. శ్రీవత్స కిటికీలో వెలుతురు చూస్తున్నాడు. మంచం తల దింపలేదు.

పదకొండింటికి మెట్ల మీద అడుగుల చప్పుడయింది. ఒక అడుగు. ఆగడం. మళ్లీ ఒక అడుగు.

అచ్యుతరామయ్య పైకొస్తున్నాడు. పదిహేడు మెట్లు. ఆ గది గుమ్మంలో ఆమె అతన్ని ఎప్పుడూ చూడలేదు. చెమటలు కక్కుతూ తలుపు పట్టుకుని నిలబడ్డాడు. వెనకాల, నెల మొదటి ఆదివారం కాకపోయినా పట్టుచీరలో, బాలత్రిపురసుందరి, చేతిలో బుట్ట.

బుచ్చమ్మ కాళ్లు వాటంతటవే వరండా వైపు కదిలాయి.

"ఆగు," అన్నాడతను. ఊపిరి తీసుకుని, జేబులోంచి కాగితం తీశాడు. "దీన్ని గ్రూపులో పెట్టించాను. నీ ఎదుట చదవాలి కదా." చదివాడు. కోర్టులో చదివినట్టే, ఎత్తుపల్లాలు లేకుండా. "'నా కుమారునికి నోటి ద్వారా ద్రవం ఇచ్చినది నా భార్య. తెలియక ఇచ్చినది. ఆయా బుచ్చమ్మ ఏ తప్పూ చేయలేదు. విచారించకుండా ఆమె వీడియో పెట్టించినది నేను. ఇంట్లో అడగవలసిన ప్రశ్న అడగనిదీ నేనే. ఇట్లు.'"

కాగితం మడిచి ఆమెకిచ్చాడు. ఆమె తీసుకుని జాకెట్టులో పెట్టుకుంది. అంతటితో అయిపోయేది.

కానీ బుచ్చమ్మ గోడ మేకుకు వేలాడుతున్న రిజిస్టరు దింపింది. వారం వెనక్కి తిప్పి అతని ముందు పట్టింది.

"గిది గూడ చూడుండ్రి సార్."

"చూశాను కదా. నీ సంతకం."

"మంగళారం అడిగిన్రు కద సార్, ఆ అరగంట గదిల ఉన్నవా అని. ఉన్నా అన్న." వేలు సంతకం మీద పెట్టింది. "లేను. వరండల ఉన్న. సూడకుండనే సంతకం పెట్టిన. ఉంటే గప్పుడే చెయ్యి పట్టుకుందు. మూడుసార్లూ అంతే."

ఇప్పుడు ఈ సంగతి ఆమెను ఎవరూ అడగలేదు. ఇచ్చిన సాక్ష్యం తప్పని తనంతట తానే వెనక్కి వచ్చి చెప్పినవాళ్లను అచ్యుతరామయ్య సర్వీసంతా కలిపి ఎందరిని చూశాడో. ఈ ఒక్క మాట మహేందర్ చెవిన పడితే ఆమె ఉద్యోగం మళ్లీ పోతుందని ఇద్దరికీ తెలుసు.

"ఎందుకు లేవు?" అడిగాడు.

బుచ్చమ్మ పట్టుచీర అంచు వైపు చూసి చూపు తిప్పుకుంది. "అమ్మగారు మడిల ఉంటరని."

"బయటికి వెళ్లమని ఎవరైనా అన్నారా?"

"లేదు సార్. ఎవ్వరనలే."

"ఉండమని కూడా అనలేదు," అంది బాలత్రిపురసుందరి. "నేనూ అనలేదు."

అచ్యుతరామయ్య రిజిస్టరు మూసి ఆమె చేతికిచ్చేశాడు. జెరాక్స్ కాగితం కోసం ఫైలు తెరవలేదు. శ్రీవత్స కాళ్ల దగ్గరున్న కుర్చీలో మెల్లగా కూలబడి మోకాలు రాసుకున్నాడు.

బాలత్రిపురసుందరి బుట్టలోంచి ఇత్తడి గిన్నె తీసింది. మూత తీసి చూపించింది. తెల్లగా లేదు. తేటగా ఉంది.

"తులసి వేసిన ఉత్త నీళ్లే. కాచి చల్లార్చినవి. పాలూ తేనే లేవు. డాక్టరమ్మను అడిగాను. గొట్టంలో అయిదు మిల్లీలీటర్లు వెయ్యొచ్చంది, తల ఎత్తి ఉంటే." ఉద్ధరిణెను బుట్టలోనే వదిలేసింది. "నాకు ధైర్యం చాలడం లేదు. నువ్వు వెయ్యి."

"మీరు మడిల..."

బాలత్రిపురసుందరి ఈసారి పైనుంచి పొయ్యలేదు. గిన్నెను బుచ్చమ్మ రెండు చేతుల మధ్యా పెట్టి, వేళ్లు దాని చుట్టూ మూసింది.

బుచ్చమ్మ గుడ్డలో వడకట్టింది. ఒక తులసి ఆకు గుడ్డ మీద మిగిలింది. సిరంజిలో గీత దాకా కొలిచింది, గొట్టం మూత విప్పి, ఎత్తి పట్టుకుంది. నీళ్లు దిగిపోయాయి. బాలత్రిపురసుందరి పెదాలు ఆడుతున్నాయి. శ్రీవత్స కిటికీ వైపు చూస్తూనే నోరు కొద్దిగా తెరిచి, మళ్లీ మూశాడు.

వేలి క్లిప్పు మీద తొంభై ఆరు.

అరగంట అయ్యాక వాళ్లు మెట్లు దిగారు. ఒక అడుగు, ఆగడం, ఒక అడుగు. కెమెరా మీద ఎర్రదీపం మళ్లీ వెలిగింది. బుచ్చమ్మ మంచం మరోసారి చూసుకుని, రిజిస్టరు తెరిచి, ఏడో తరగతి దాకా నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో రాసింది.

11 నుంచి 11.30. నోటి ద్వారా ఏమీ లేదు. గొట్టంలో తీర్థం, 5.

'బు' అని సంతకం పెట్టింది. పెన్ను మూత పెట్టబోయి ఆగి, ఆ పక్కన, గీతలు దాటి మార్జిన్‌లోకి పోతున్నా సరే, ఇంకో ముక్క చేర్చింది.

గదిల ఉన్న.